అత్త ముట్టుకోని మట్టి

హిందూపురంలో మా మేడ మీద కరివేపాకు కుండీకి నీళ్లు పోసి, మట్టిని కాస్త గుల్ల చేద్దామని చెయ్యి పెట్టాను. వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. పిడికిలి విప్పితే అరచేతిలో మట్టి ముద్ద. దాన్ని కింద పడేసి, పగులుతుందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. కుండీలో మొక్కకు ఈ పరీక్ష ఎందుకో! అయినా మనసు ఊరుకోదు. ఈ గుణం నాకు మా అత్త నారాయణమ్మ అంటించింది.

పెళ్లయి తాడిమర్రి దగ్గరి పల్లెకు వెళ్లేదాకా నేను చేను మొహం చూసినదాన్ని కాదు. తొంభైలలో మాట. వాన పడితే విత్తనం వేస్తారు, అంతే అనుకునేదాన్ని. అత్త నవ్వేది. "వాన వేరు, పదును వేరు అమ్మీ. పైతడీ లోపలి తడీ కలిస్తేనే పదును. మట్టి ముద్ద కావల్ల, పడేస్తే పగలల్ల." విత్తడానికి తగిన రోజులు అదును. ఆ రోజులు దాటకముందే పదును చూసుకుని గొర్రు కట్టాలి. గొర్రును ఎద్దులు లాగుతుంటే వెనకే నడుస్తూ చాళ్లలోకి గింజలు పోసేది ఆడవాళ్లమే.

ఒక ఏడు తొలి వానకే ఊరంతా గొర్రు కట్టింది. అత్త మాత్రం జానెడు లోతు తవ్వి, అడుగున దుమ్ము చూసి ఇంటికి వచ్చేసింది. ఆనక ఆమెకు కాలు నిలవలేదు. పొద్దున చేనికి, మధ్యాహ్నం చేనికి. కంచం ముందు కూర్చుని కూడా మబ్బు కనిపిస్తే లేచిపోయేది. పక్క చేని వెంకటప్ప దారిలో ఆటపట్టించాడు.

"ఏమక్కా, ఇత్తనాలు ఏంచుకోని తింటావా?"

"తింటాలే, నీకూ పిడికెడు పంపిస్తా" అంది అత్త. ఇంటికొచ్చాక మాత్రం మూలనున్న వేరుశనగ మూటలను మాటిమాటికీ తడిమి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "అందరికీ కనిపించే తడి మనకెందుకు కనపడదత్తా?" అని అడిగేశాను. ఆమె మూటల మూతులు బిగించి మళ్లీ చేనికి బయలుదేరింది.

మళ్లీ వాన వచ్చేసరికి అదును దాటిపోయింది. వెంకటప్ప చేలో సగమైనా పైరు నిలిచింది. మాది బీడుగా మిగిలింది. విత్తనాలన్నీ గానుగకు పోయిన రోజు అత్త గడప మీద కూలబడింది. "తప్పు నాదే అమ్మీ. పదును కోసం చూసి చూసి అదును పోగొడితి" అంది.

మరుసటి ఏడు ఉన్న గొర్రెలను అమ్మి కొత్త విత్తనాలు తెచ్చాం. ఇవీ పోతే అమ్ముకోవడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. వాన పడిన మరునాడు అత్త నన్ను చేని నడుమకు తీసుకెళ్లింది.

"ఈసారి నువ్వు చూడు."

"నాకేం తెలుసత్తా?"

"చెప్పిందంతా తెలుసు గదా. నేను చూస్తే మళ్లా వద్దనే అంటా. నాకు బయం పట్టుకోనుండాది."

తవ్వి చెయ్యి పెట్టాను. అడుగున దుమ్ము లేదు, అలాగని పూర్తి తడీ కాదు. పిడికిట్లో ముద్ద అయింది. పడేస్తే రెండు ముక్కలైంది. పగలడమంటే ఇదేనా, ఇంకా పొడి కావాలా? "కట్టొచ్చత్తా" అన్నాను.

ఆమె వంగలేదు, మట్టిని ముట్టుకోలేదు. గట్టు మీదున్న మా ఆయనను కేకేసింది. "ఒరే, గొర్రు కట్టు!"

ఆ ఏడు పంట చేతికొచ్చింది. అత్త పోయి చాలా ఏళ్లయింది, చేను గుత్తకిచ్చాం. నేను మాత్రం ఇప్పటికీ మబ్బు పడితే కుదురుగా కూర్చోలేను. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే పిడికిలి బిగుసుకుంటుంది. అత్త పక్కనే నిలబడి, వంగి చూడకుండా, నా మాట కోసం ఎదురు చూస్తున్నట్టే ఉంటుంది.