కొసరు కోడిపెట్ట

మొన్న దసరా నాడు మా చెల్లెలి కొడుకు నన్ను బీచి దగ్గరున్న మాల్‌కి లాక్కెళ్ళాడు. పై అంతస్తులో వీడియో గేముల హాలు అద్దాల తలుపు తియ్యగానే, చల్లటి ఏసీ గాలితో పాటు కర్పూరం, అప్పుడే కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు, వేడెక్కిన ప్లాస్టిక్కు, మూడూ కలిసిన వాసన ముక్కుకి తగిలింది. యంత్రాలకి పూజ చేశారట. చేసిన తీరు చూస్తే నవ్వొచ్చింది. కొబ్బరికాయని ఎక్కడో మెట్ల దగ్గర ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద పేపరు పరిచి, చుక్క ఒలక్కుండా కొట్టి, చిప్పల్ని స్టీలు పళ్ళెంలో పెట్టుకొచ్చి యంత్రాలకి దూరం నుంచే చూపించారు. అదీ ఒక పూజేనా! వీడియో గేముకి ఆయుధపూజ ఎలా చెయ్యాలో, చేస్తే ఏమవుతుందో నేను చిన్నప్పుడే వన్ టౌన్‌లో కళ్ళారా చూసినవాణ్ణి.

మా మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది, గడ్డం వచ్చింది, బుద్ధి ఒక్కటీ రాలేదు. చంటిపిల్లలు ఆడుకునే బుడగల ఆట ముందు కూర్చుని, "మావయ్యా, ఇది నా గిల్టీ ప్లెజర్" అన్నాడు. ఆ మాట అన్నవాడి మొహంలో కాస్తయినా తప్పు చేసిన కళ ఉండాలా వద్దా? వీడు పళ్ళన్నీ బయటపెట్టి ఆ ఆట పక్కన ఫొటో దిగి, కింద ఆ మాటే రాసి, లోకమంతటికీ పంపించి, ఎవరెవరు మెచ్చుకున్నారో చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇష్టమైన దాన్ని దాచుకోవడం అంటే ఏమిటో, దొరికిపోతామేమోనని చెవులు వేడెక్కడం అంటే ఏమిటో వీళ్ళకి ఎవరు చెబుతారు?

ఎనభైల్లో మేం పాత పోస్టాఫీసు వెనక సందులో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. ఊరు వదిలాడు గానీ ఊరి గొప్ప వదల్లేదు. ఇక్కడి వంకాయకి రుచి లేదు, నీళ్ళకి తీపి లేదు, మనుషులకి నిదానం లేదు అని పొద్దున్న రేడియో పెట్టినప్పటి నుంచి రాత్రి కట్టేసేదాకా ఈసడిస్తూనే ఉండేవాడు. నాకున్న ఈ గుణం ఆయన ఆస్తే. తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో వేలం ముగిసి చేపల గంపలు మా సందులోంచి వెళ్ళేవి, వాటిలోంచి కారిన ఐసు నీళ్ళతో నేలంతా తడిసేది, ఆ తడి మీదా, అమ్మ ఆరేసిన తెల్ల పంచెల మీదా, అరుగు మీద ఎండబెట్టిన వడియాల మీదా పోర్టు నుంచి ఎగిరొచ్చిన ఎర్రటి ముడి ఇనుము దుమ్ము పల్చగా పరుచుకునేది. వేసవిలో గోళీలు, వానలు పడ్డాక బొంగరాలు, చలికాలంలో కర్రా బిళ్ళ, ఇలా ఏ కాలానికి తగ్గ ఆట ఆ కాలానికి ఉండేది. అప్పలరాజు షాపు పెట్టాక కాలాలన్నీ పోయి అందరం దాన్లో దూరాం.

అప్పలరాజు ఓడల్లో వంటవాడిగా పనిచేసి తిరిగొచ్చినవాడు. మేమంతా మావా అని పిలిచేవాళ్ళం. టోకు బియ్యం కొట్టు పక్కన కిటికీ లేని ఇరుకు గదిని అద్దెకి తీసుకుని, మద్రాసు నుంచి లారీలో మూడు వీడియో గేములు దింపాడు. మూడూ బీరువాలంత చెక్క డబ్బాలు, లోపల టీవీ, బయట ఒక పుల్ల, ఒక మీట. మొదటిది విమానం, రెండోది కారు. మూడోది బేరంలో కొసరుగా వచ్చిన కోడిపెట్ట.

విమానం ఆట గురించి ఇప్పుడు నిజం చెప్పేస్తాను. అంత పనికిమాలిన ఆట ఇంకోటి లేదు. పైనుంచి ఏవో వస్తుంటాయి, కింద నుంచి మనం మీట నొక్కుతూ వాటిని పేలుస్తుంటాం, అవి అయిపోతే మళ్ళీ అవే వస్తాయి. కారు ఆట అంతకన్నా ఘోరం, ఎంత దూరం వెళ్ళినా అదే కొబ్బరిచెట్టు. అయినా వాటి ముందు మా గుంపు తోసుకునేది, కేకలేసేది. మా గుంపుకి నాయకుడు సూరిబాబు. స్టీలు ప్లాంటు కడుతున్న చోట వాళ్ళ నాన్న మేస్త్రీ, దాంతో ఆ ప్లాంటంతా వాళ్ళ సొంతమన్నట్టు నడిచేవాడు. విమానం పుల్ల పట్టుకుంటే మోచేతులు రెండు పక్కలా చాపి, ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

కోడిపెట్ట యంత్రం మూల, మంచినీళ్ళ కుండ పక్కన ఉండేది. పెట్ట తన పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటి గడ్డివాము చేరాలి, ఆట అంతే. లారీలు వస్తాయి, కుక్క వస్తుంది, పైన గద్ద తిరుగుతుంది. చివరి పిల్ల ఎప్పుడూ వెనకబడుతుంది, దానికోసం పెట్ట వెనక్కి వెళ్ళాలి. అన్నీ చేరాక పెట్ట రెక్కలు దులుపుకుని గిరగిరా తిరుగుతుంది, డబ్బాలోంచి పిచ్చి పాట ఒకటి వస్తుంది. పేల్చడం లేదు, గుద్దడం లేదు. ఒకసారి నేను దానివైపు చూస్తుంటే సూరిబాబు పట్టేశాడు.

"ఆడపిల్లలాటరా బావా అది. సిగ్గులేదేటి?"

నేను వెంటనే కుండలో నీళ్ళు ముంచుకుని, దాహానికి వచ్చినవాడిలా తాగేశాను. ఆ మర్నాటి నుంచి కోడిపెట్టని అందరికంటే ఎక్కువ వెక్కిరించినవాణ్ణి నేనే.

ఇష్టం మాత్రం దానిమీదే. చెప్పుకోడానికి సిగ్గు వేసేంత ఇష్టం. మధ్యాహ్నం భోజనాల వేళ, సందంతా వేపుడు వాసనతో నిండి గుంపంతా ఇళ్ళకి పోయినప్పుడు, అప్పలరాజు లుంగీ సర్దుకుని బల్ల మీద కునుకు తీసేవాడు. అప్పుడు, అమ్మ కొబ్బరినూనెకి పంపిన సీసాతో నేను లోపలికి జారుకునేవాణ్ణి. ఒళ్ళంతా విమానం వైపు తిప్పి, మొహం కూడా అటే పెట్టి, ఒక్క చెయ్యి మాత్రం కోడిపెట్ట పుల్ల మీద వేసి ఓరగా చూస్తూ ఆడేవాణ్ణి. ఎవరైనా వస్తే విమానం కోసం ఎదురుచూస్తున్నానని చెప్పుకోవచ్చు. ఆ వెనకబడిన పిల్లకోసం పెట్ట వెనక్కి నడుస్తుంటే నా గుండె కొట్టుకున్నట్టు పరీక్షలప్పుడు కూడా కొట్టుకోలేదు.

ఇంకో రహస్యం కూడా ఉంది. ఒకరోజు కంగారులో నా మోకాలు డబ్బాకి కుడిపక్క, కింద చెక్క కాస్త ఉబ్బిన చోట తగిలింది. నాణెం వెయ్యకుండానే ఆట మొదలైంది. కొసరు సరుకు కదా, లోపల ఏదో వదులైపోయి ఉంటుంది. అప్పటినుంచి మోకాలితో ఒక్క పోటు, ఒక ఆట. లోకంలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం అప్పలరాజు మూడు డబ్బాల్లోనూ నాణేలు తీసుకుంటూ కోడిపెట్ట డబ్బా తెరిచాడు. లోపల సాలెగూడు తప్ప ఏమీ లేదు. అందరి ముందూ దాని నెత్తిన చరిచాడు.

"దీన్ని ఒక్కడూ ముట్టడు. కరెంటు దండగ. పండగెల్లాక మా బావమరిది ఆనందపురం నుంచి ట్రాక్టరు ఏసుకొత్తాడు. డబ్బా కోళ్ళగూడుకైనా పనికొత్తాది."

గుంపంతా విరగబడి నవ్వింది. సూరిబాబు కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. నవ్వుతూనే నా కోడిపెట్ట వైపు, దాని పిల్లల వైపు ఓరగా చూశాను. నేనొక్కణ్ణి ముందుకొచ్చి, మావా ఉంచు, నేను ఆడతాను, రోజూ నాణెం వేసి ఆడతాను అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. సూరిబాబు మొహం చూసేసరికి లోపలికి పోయింది.

దసరా పొద్దున్న మా ఇంట్లో బూర్లు, పులిహోర, అల్లం గారెలు. నెయ్యి కాగుతున్న వాసన వీధి చివరిదాకా పోయింది. నేను బూరె ముట్టలేదు. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏరా నాన్నా, బూరె కూడా తినలేదు, ఒంట్లో బాగోలేదా?" అంది. ట్రాక్టరు మర్నాడే వస్తుంది. అమ్మతో ఏమని చెప్పను?

పోర్టులో ఆ రోజు క్రేన్లకి దండలు, లారీల చక్రాల కింద నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయలు. అప్పలరాజు అదంతా చూసొచ్చి, అంతకు తక్కువ చెయ్యకూడదనుకున్నాడు. విమానమూ వాహనమే, కారూ వాహనమే గనక రెండింటికీ వాహన పూజేనని తేల్చాడు. చక్రాలు లేవు గనక డబ్బాల నాలుగు మూలలా నిమ్మకాయలు దూర్చాడు. తెరల మీద పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు. అమ్మవారికి వెలుగు కనబడాలని రెండింటినీ ఆన్ చేసే ఉంచాడు. ఎవరో కోడిపెట్ట సంగతి అడిగితే, "పొయ్యేదానికి పూజేటిరా" అని దానివైపు వీపు తిప్పాడు.

తర్వాత హారతి ఇచ్చి, లారీ బంపరు మీద కొట్టినట్టే కొబ్బరికాయని విమానం నెత్తిమీద ఠపీమని కొట్టాడు. ముదురుకాయ, నిండా నీళ్ళు. వెనకవైపు వేడి పోవడానికి పెట్టిన సందుల్లోంచి నీళ్ళన్నీ లోపలికి దిగాయి. మేం చప్పట్లు కొడుతున్నాం. విమానం ఒకసారి తుమ్మినట్టు శబ్దం చేసింది. అప్పలరాజు దాన్ని శుభసూచకం అనుకున్నాడో ఏమో, రెండో కాయ కారు మీద కొట్టాడు. అప్పుడు రెండూ కలిసి టప్ టప్‌మన్నాయి, పొగ వచ్చింది, కరెంటు పోయింది. ఏ యంత్రానికైనా కొబ్బరినీళ్ళు పోసి దండం పెట్టడమే గౌరవం అనుకునే మా ఊరి భక్తికి ఆ రోజు కాలిన బెల్లం లాంటి వాసన వచ్చింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యూజు వేశాడు. విమానం వెలగలేదు, కారు వెలగలేదు. మూలనున్న కోడిపెట్ట మాత్రం, బొట్టు కూడా పెట్టించుకోని మొహంతో చక్కగా వెలిగింది.

పండగ పూట అందరి చేతుల్లో నాణేలున్నాయి, ఆడటానికి ఇంకేమీ లేదు. చివరికి సూరిబాబు ఆముదం తాగిన మొహం పెట్టి లేచాడు. "ఏటి సేత్తాం, ఇదే మిగిలింది గదా" అంటూ కోడిపెట్ట ముందు నిలబడ్డాడు. గుప్పిట్లో నాణెం ఉంది. పుల్ల పట్టుకున్నాడు. పట్టుకుంటూనే, ఏమీ ఆలోచించకుండా, వాడి మోకాలు వెళ్ళి డబ్బాకి కుడిపక్క, కింద ఉబ్బిన చోట పొడిచింది.

ఆట మొదలైంది.

వాడు బిగుసుకుపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ చేతులు ఆగలేదు, కుక్క తెర మీదకి రాకముందే పెట్టని ఆపాయి, చివరి పిల్లకోసం వెనక్కి తిప్పాయి. వాడి తర్వాత వచ్చినవాడి మోకాలూ అక్కడికే వెళ్ళింది. ఆ తర్వాతవాడిదీ. నా వంతు వచ్చేసరికి నాది కూడా, ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గుంపులో ప్రతివాడూ భోజనాల వేళ ఏదో ఒక సీసా పట్టుకుని దొంగతనంగా ఈ పెట్టతో రోడ్డు దాటినవాడే.

అప్పలరాజు చేతిలో కొబ్బరి చిప్పతో అంతా చూశాడు.

"ఓర్నీ! మీకందరికీ తెలుసేటిరా? నాకొక్కడికే తెల్దా?"

మర్నాడు ట్రాక్టరు రానే వచ్చింది. ఖాళీగా పంపడం ఎందుకని విమానం డబ్బా ఎక్కించారు. చాలాకాలం తర్వాత ఆనందపురం జంక్షన్‌లో బస్సు ఆగినప్పుడు చూశాను. టీవీ ఊడబీకిన కన్నంలోంచి ఒక బొచ్చుకోడి తల బయటపెట్టి లోకాన్ని చూస్తోంది. దాని రెండు పక్కలా యుద్ధ విమానాల బొమ్మలు వెలిసిపోయి ఉన్నాయి. నాకు అంత తృప్తి ఏ పండక్కీ కలగలేదు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా పెట్ట నాకు దక్కింది కదా! కానీ వారం తిరక్కుండా అప్పలరాజు ఆ ఉబ్బిన చోట రేకు కొట్టించాడు, యంత్రాన్ని మూలనుంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. సూరిబాబు దాని ముందు మోచేతులు చాపుకుని నిలబడి, కొత్తగా వచ్చినవాళ్ళకి పెట్టని ఎలా నడపాలో ఉపన్యాసాలిచ్చేవాడు. ఆడపిల్లలాట అన్న నోటితోనే! పెట్ట రెక్కలు దులిపినప్పుడల్లా గుంపంతా ఆ పిచ్చి పాట కలిసి పాడేది. నేనూ వరసలో నిలబడి, నాణెం వేసి, తిన్నగా తెరవైపు మొహం పెట్టి ఆడాను. పిల్లలన్నీ గడ్డివాము చేరాయి. నాకేమీ అనిపించలేదు. ఏడుపొచ్చింది. అది పోతుందన్నప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

సముద్రపు గాలికి ఆ యంత్రమూ తుప్పు పట్టిపోయింది. షాపు వీడియో క్యాసెట్ల కొట్టయింది, ఇప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. మధ్యాహ్నం సందులో వేపుడు వాసన లేదు, బల్ల మీద కునుకు తీసే యజమానీ లేడు, తలుపు తలుపుకీ కెమెరాలున్నాయి. దొంగతనంగా ఇష్టపడటానికి ఊళ్ళో ఒక్క మూల మిగల్లేదు.

మాల్‌లో మా మేనల్లుడు తనకొచ్చిన మెచ్చుకోళ్ళు చూసుకుంటుంటే నేను లేచి తిరిగాను. హాలు చివర, మంచినీళ్ళ సీసాల పెట్టె పక్కన, ఎవరూ ఆడని యంత్రం ఒకటి వెలుగుతోంది. తెర మీద ఏదో బాతు. మేనల్లుడు చూడటం లేదు కదా అని ఓసారి వెనక్కి చూసుకున్నాను. ఒళ్ళంతా పక్కనున్న కారు ఆట వైపు తిప్పి నిలబడి, ఒక చెయ్యి పుల్ల మీద వేసి, కుడిపక్క, కింద, మోకాలితో ఒక్క పోటు పొడిచాను.

"సార్, కార్డు గీకాలి సార్," అంది వెనకనుంచి యూనిఫాం పిల్ల.

చెవులు భగ్గున వేడెక్కాయి. "దాహం వేసి వచ్చానమ్మా," అని మంచినీళ్ళ సీసా తీసుకుని, అక్కడే నిలబడి గటగటా తాగేశాను.