తొట్టెల కట్టే చోటు

ఇనుప గొట్టంలోకి డ్రిల్లు దిగేటప్పుడు వేడెక్కిన ఇనుప రజను వాసన వస్తుంది. ఈ ఉదయం భూపాలపల్లిలో ఒక ఇంటి మీద ఆ వాసన తగలగానే నా నోరు దానంతటదే అడిగేసింది: "తొట్టెల యాడ కడ్తరన్నా?" ఇంటాయన నన్ను ఎగాదిగా చూశాడు. రేకులు వేయడానికి వచ్చినవాడికి ఉయ్యాలతో ఏం పని? నేనూ ఒకప్పుడు యాకమ్మక్కను అలాగే చూశాను.

మహబూబాబాద్‌లో నేను పనిచేసిన రేకుల దుకాణానికి యజమాని ఆమే, మేస్త్రీ ఆమే. కొంగు నడుముకు దోపి మాకంటే ముందు నిచ్చెనెక్కేది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నేను చేరిన కొత్తలో కాటారంలో ఒక అవ్వ ఇల్లు ఒప్పుకున్నాం. కాన్పుకు వెళ్లిన కూతురు పసిబిడ్డతో దవాఖాన నుంచి వచ్చేలోగా కప్పు పడాలి. రేకుల కిందికి మందపాటి ఇనుప పట్టీలు, లోపలి సీలింగ్‌కు పలుచని పట్టీలు ఎంచి వ్యానులో వేయించుకుని వెళ్లాను. ఎక్కడైనా వేసేది అవే. అక్క మాత్రం ఒక పలుచని పట్టీని బొటనవేలితో నొక్కి చూసి, నేరుగా అవ్వ దగ్గరికి వెళ్లింది.

"తొట్టెల యాడ కడ్తవవ్వా?"

"నడిమింట్లనే బిడ్డా. మా పిల్లలందరు గాడనే ఊగిండ్రు. పాత దూలం ఉండె గద."

అక్క నావైపు తిరిగింది. "ఇన్నవా తమ్మీ? సీలింగ్ పట్టీ సీలింగ్‌నే మోస్తది. పిల్లను మొయ్యదు."

మా దగ్గర పాత దూలాలు తీయించి రేకులు వేయించుకుంటారు గానీ, చీరతో తొట్టెల కట్టడం మాత్రం ఎవరూ మానరు. అందుకే అక్క ఆ గదిలో గోడ నుంచి గోడకు లావుపాటి గొట్టం వేయించి, దానికి కొక్కెం వెల్డింగ్ చేయించి, సీలింగ్‌లోంచి కిందికి దింపింది. తర్వాత ఆ కొక్కెం రెండు చేతులా పట్టుకుని, కాళ్లు పైకెత్తి వేలాడింది!

"అయ్యో, పడ్తవే!" అని అవ్వ గుండె బాదుకుంది.

"నన్నే మోసినంక నీ మనుమరాలెంత అవ్వా!"

కొన్నేళ్లకు నర్సింహులపేటలో మా ఇంటికే రేకులు వేయించుకున్నాం. అప్పటికి నా భార్య సరోజకు రెండుసార్లు కడుపు నిలవలేదు. పిల్లల మాట ఎత్తితే చాలు, లేచి లోపలికి వెళ్లిపోయేది. అందుకే అక్కకు ముందే చెప్పాను: "అక్కా, మా ఇంట్ల కొక్కెం వద్దు. గా మాట అడగకు." ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్లి అడిగేసింది.

"సరోజా, తొట్టెల యాడ కట్టాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్క వెళ్లిపోలేదు, ఓదార్చనూ లేదు. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. చివరికి సరోజ కళ్లు తుడుచుకుని లేచి, కిటికీ పక్కన చోటు చూపించింది.

"గాడ. గాలొస్తది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. గొట్టం నేనే ఎత్తి పెట్టాను. ఎప్పటిలాగే అక్క వేలాడి చూసింది.

ఖాళీ కొక్కెం చూడలేక సరోజ దానికి ఉల్లిగడ్డల బుట్ట తగిలించింది. అక్క వచ్చినప్పుడల్లా, "కిరాయికున్నయనుకో బిడ్డా. ఖాళీ చెయ్యుమంటే ఎంతసేపు?" అని సరోజను నవ్వించేది. పోయిన వానాకాలం అక్క గుండెపోటుతో పోయింది. ఆ కిరాయిదార్లు ఖాళీ చేయడం చూడకుండానే పోయిందే అని నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మొన్న ఆదివారం మా ఇంట్లో తొట్టెల వేడుక. సరోజ తన చేత్తోనే ఉల్లిగడ్డల బుట్టను వంటింట్లోకి మార్చింది. చీర కట్టబోతుంటే ఆగమన్నాను. చుట్టాలందరూ నవ్వుతుండగా కొక్కెం పట్టుకుని కాళ్లు పైకెత్తాను. గొట్టం కిక్కురుమనలేదు.

"ఇగ దిగు," అంది సరోజ, ఒళ్లో బిడ్డను సర్దుకుంటూ. "మా యాకమ్మకు నిద్రొస్తున్నది."