దక్షిణం తలుపు

కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె బీడీలు చుట్టే మనిషి. మస్కట్‌లో ఉన్న భర్తతో ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది కనుక, జగిత్యాల దాటేలోపే సంగతి బస్సంతటికీ తెలిసిపోయింది. చీరాల దగ్గర, సముద్రపు ఒడ్డున, రెండు గదుల ఇల్లు అమ్మకానికుంది. ఒక్కసారి చూసివచ్చిన సముద్రాన్ని ఆమె మరిచిపోలేదు. తలుపు దక్షిణానికి ఉందని ఎవరూ కొనలేదు. అందుకే అది వీళ్లకు అందే ధరకు దిగింది. సాయంత్రంలోగా మాట చెప్పాలి.

"దక్షిణం తలుపు మనకద్దు. ఇంటాయనకు గండమంటరు," అన్నాడతను.

వాస్తు మూఢనమ్మకమని ముప్పై ఏళ్లుగా సభల్లో వాదిస్తున్నవాణ్ణి, నా నోరు ఊరుకోలేదు. గొంతు సవరించుకున్నాను.

"జర ఆగుండ్రి సార్," అని ఆమె ఫోన్ వైపు తిరిగింది. "గాడ నీ రూం తలుపు ఎటుంది?"

"ఎవలకెర్క. ఎన్నడు సూడలే."

"పొద్దు ఎటు పొడుస్తదో సూసి చెప్పు."

అవతల తలుపు తీసిన చప్పుడైంది. "దక్షిణమే ఉన్నట్టుంది."

"పన్నెండేండ్ల సంది గా రూంలనే పంటున్నవ్. మంచిగనే ఉన్నవ్ గద. కంపెనీ రూంకు లేని గండం మన ఇంటికెట్లత్తది?"

అవతల నవ్వు వినిపించింది. "సరే తియ్యి, కొందామని చెప్పు. తలుపుకు నీలం రంగేపియ్యి."

ఆమె సంచిలోని పల్లీలు చుట్టూ ఉన్నవాళ్లందరికీ పంచింది. "ఏందో చెప్పబోతిరి సార్?" అంది నాతో.

ఆమె ఇచ్చిన పల్లీలు తిన్నాను.

ఇప్పుడు వాస్తు గురించి ఎక్కడ మాట్లాడినా, బతకడానికి వెళ్లిన చోట మీ తలుపు ఎటుండేదని ముందు అడుగుతున్నాను.