విశ్వకర్మ పూజనాడు వదిన లాప్‌టాప్

ఇది మహాకావ్యం కావలసిన కథ. ఇందులో ధర్మసంకటం ఉంది, మామగారికి ఎదురుగా నిలబడి వాదించిన కోడలుంది, నమ్మినవాళ్లను నట్టేట ముంచిన వీరుడున్నాడు, చివరికి ఘనవిజయం కూడా ఉంది. కాకపోతే ఆ వీరుడు ఒక పాత లాప్‌టాప్ లోపల కంటికి కనిపించకుండా ఉండే కెర్నల్, యుద్ధభూమి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వాన పడితే పైకప్పు కారే క్వార్టరు, కాబట్టి కావ్యం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక పండగపూట ఇంట్లో జరిగిన గొడవ అనుకుని చదవండి.

మొన్న పొద్దున టీ తాగుతూ ఉంటే మా ఆఫీసువాళ్లిచ్చిన కొత్త లాప్‌టాప్ నన్ను ఒక్క మాటైనా అడగకుండా తనంతట తానే కొత్త కెర్నల్ వేసుకుని, ఆరిపోయి, మళ్లీ లేచి, ఏమీ ఎరగనట్టు నా ముందు కూర్చుంది. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. మా రోజుల్లో ఇంత సులువుగా ఉండేది కాదు కదా అనిపించింది. నాకింకా ముప్పై రాలేదు, ‘మా రోజుల్లో’ అనడానికి నాకు అర్హత లేదని అమ్మ అంటుంది గానీ, ఫోనుకి ఇయర్‌ఫోను గుచ్చుకునే బెజ్జం ఉన్న కాలాన్ని కళ్లారా చూసినవాణ్ని నేను. నా తోటివాళ్లకు నా బాధ అర్థమవుతుంది.

అప్పట్లో నేను బిలాస్‌పూర్ పక్కన కోనీలోని యూనివర్సిటీలో చదువుతుండేవాణ్ని. నాన్న ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్డులో, అన్నయ్య ఇంజను మీద అసిస్టెంటు పైలట్. తాతయ్య ఎప్పుడో శ్రీకాకుళం వైపునుంచి రైల్వే ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోవడంవల్ల మాకు తెలుగు మాట్లాడటం వచ్చు, తిట్టుకోవడం ఇంకా బాగా వచ్చు, చదవడం మాత్రం కదులుతున్న బండిలోంచి స్టేషను బోర్డు చదివినట్టే, మొదటి రెండక్షరాలు పోల్చుకునేలోగా ఊరు దాటిపోయేది.

అలాంటి ఇంటికి తెలుగు టీచరు కోడలుగా వచ్చింది. మా వదిన శ్రీకాకుళం దగ్గర ఒక చిన్న బడిలో పిల్లలకు తెలుగు చెప్పేది. పెళ్లయ్యాక ఆ పని వదులుకుని వచ్చింది. బిలాస్‌పూర్‌లో తెలుగు టీచరుకున్న గిరాకీ మే నెలలో రజాయిలమ్మేవాడికి ఉన్న గిరాకీ. మా క్వార్టర్ల వరసలోని ఆడవాళ్లు ఎంతో ప్రేమగా బ్యూటీపార్లరు కోర్సో కుట్టుపనో నేర్చుకోమని సలహాలిచ్చేవారు, వదిన నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూసి మేమంతా ఆవిడకి దిగులేమీ లేదని నిర్ధారించుకున్నాం. మగవాళ్లు ముగ్గురున్న ఇంట్లో ఇలాంటి విషయాలు చాలా తొందరగా నిర్ధారణ అవుతాయి.

ఒకరోజు ఆవిడే వెతుక్కుని ఒక ఆన్‌లైన్ పాఠాలవాళ్లను పట్టుకుంది. బొగ్గు గనుల్లో, కరెంటు ప్లాంట్లలో, బ్యాంకుల్లో పనిచేసే మనవాళ్ల పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లు కావాలట. ముందు ఒక నమూనా క్లాసు చెప్పి చూపించాలి, తల్లిదండ్రులకు నచ్చితే బ్యాచి ఈవిడది, నచ్చకపోతే మరొకరిది. తెర మీద అక్షరాలు రాసి చూపించాలి కనుక ఫోను పనికిరాదు, కంప్యూటరే ఉండాలన్నారు. ఆ ఒక్క క్లాసు మీదే ఆవిడ మళ్లీ టీచరవడమా, మా ఇంట్లో నవ్వి ఊరుకుంటూ ఉండిపోవడమా అన్నది తేలాలి. వదిన బతిమాలలేదు, పెద్ద మాటలేమీ అనలేదు. అటక మీదున్న అన్నయ్య కాలేజీనాటి లాప్‌టాప్ ఇంకా లేస్తుందా అని మాత్రం నన్నొకసారి అడిగింది.

లేచింది, కాకపోతే చివరి రోజుల్లో మా తాతయ్య లేచినట్టు లేచింది. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఇంకా గుండ్రంగా ఏదో తిరుగుతూనే ఉండేది. వేడెక్కితే దాని పక్కన చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. వానాకాలంలో ఎండని వడియాలు దీని మీద ఆరేసుకుంటానని అమ్మ చాలా గంభీరంగా అడిగింది. దాంట్లో ఉన్న పాతదంతా తుడిచేసి నేను లినక్స్ వేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఏ కెర్నల్ వేయాలన్న ప్రశ్న వచ్చింది.

కెర్నల్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క ముక్కలో చెబుతాను. కంప్యూటరులో మైకు, తెర, కీబోర్డు వంటి సామాన్లకు మనం వాడే ప్రోగ్రాముల భాష రాదు, ప్రోగ్రాములకు వీటి భాష రాదు. మధ్యన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసే పెద్దమనిషి కెర్నల్. పెళ్లి కుదిర్చిన మధ్యవర్తి లాంటివాడు. అంతా సవ్యంగా ఉంటే ఎవరికీ గుర్తుండడు, చెడితే మొదట గుర్తొచ్చేది వాడే. నా ముందు ఇద్దరు మధ్యవర్తులున్నారు. ఒకటి లినక్స్‌తోపాటే వచ్చినది, అయిదుతో మొదలయ్యే పాత వరస, కొత్త హంగులేమీ లేకపోయినా ఏళ్ల తరబడి మరమ్మతులందుతూ వస్తున్నది. రెండోది ఆరుతో మొదలయ్యేది, సరికొత్తది. హాస్టల్లో మా స్నేహితులు కొత్తదే వేగమన్నారు, పుస్తకజ్ఞానం పాత యంత్రానికి పాతదే మేలంది. నేను ఎటూ తేల్చుకోలేక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లను అడిగాను. అదే పొరపాటు.

రైల్వేవాళ్ల ఇంట్లో నంబర్లకున్న విలువ మీకు తెలియదు. గూడ్సు ఇంజన్లలో ఏడో రకం కంటే తొమ్మిదో రకం బలమైనది, ఇది మా కాలనీలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి నంబరు పెద్దదైతే బలం ఎక్కువ అన్నది మా ఇంట్లో రుజువు అక్కర్లేని సత్యం.

“ఒరే, ఆరుండగా అయిదేటిరా? ఆ ముసలి డబ్బాకి బలమున్న ఇంజను కట్టకపోతే గాడెక్కుతాదేటి?” అన్నాడు అన్నయ్య. నాన్న పప్పు కలుపుకుంటూ తలూపారు. కెర్నల్ నంబరు బలాన్ని చెప్పదు, వచ్చిన వరసని మాత్రమే చెబుతుంది అని నేను వివరించబోయాను, ఈలోగా చారు వచ్చింది. “నా మాట అవతలికి వినబడేది ఏదైనా సరే,” అంది వదిన. ఆవిడ మాట ఓటుగా లెక్కించలేదు. క్లాసుకి ముందురోజు సాయంత్రం ఆరో నంబరు కెర్నలే వేశాను. బాగా తొందరగా లేచింది, తెర మెరిసింది, అన్నయ్య తనే తయారుచేసినట్టు మీసం దువ్వుకున్నాడు.

ఆ మర్నాడు విశ్వకర్మ పూజ. మన తెలుగువాళ్లం పనిముట్లకు దసరాకి పూజ చేస్తాం, కానీ బిలాస్‌పూర్ షెడ్డులో విశ్వకర్మ పూజంటే షామియానా, మైకుసెట్టు, బూందీ, హడావుడి. తాతయ్య కాలంనుంచి మేం ఇదీ చేస్తాం, అదీ చేస్తాం. రెండు పండగలకూ సెలవు పుచ్చుకునే స్క్రూడ్రైవర్లు ప్రపంచంలో మా ఇంట్లోనే ఉంటాయి. ఆ రోజు బొట్టు పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున్నదాకా ముట్టుకోకూడదు. నాన్న మరి దేనికైనా సర్దుకుంటారు గానీ దీనికి సర్దుకోరు.

పొద్దున్నే వదిన ఒకసారి సాధన చేసుకుందామని కూర్చుని ‘అ’ అంది. అవతల గదిలో ఫోనులో వీడియో కాల్ పట్టుకున్న నాకు ఆవిడ పెదవులు కదలడం కనిపించింది తప్ప ఏమీ వినబడలేదు. ‘ఆ’ అంది. నిశ్శబ్దం. మా బలమైన ఇంజను అన్నిటినీ లాగుతోంది, మైకు పెట్టెను మాత్రం స్టేషన్లో వదిలేసి వచ్చింది. హెడ్‌ఫోను గుచ్చినా అంతే. పక్క క్వార్టరులో ఉన్న ఒక్కగానొక్క లాప్‌టాప్ వాళ్లమ్మాయితోపాటు రాయ్‌పూర్ వెళ్లిపోయింది. గొంతులేని టీచరు క్లాసెలా చెబుతుంది? వదిన ముఖంలో మామూలుగా ఉండే ఆ నవ్వు లేకపోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఏదో ఒకటి చేద్దామని కీబోర్డు మీద చెయ్యి వేయబోతుండగా వెనకనుంచి కుంకుమగిన్నెతో నాన్న వచ్చి, కుట్టుమిషనుకి, సైకిలుకి, పానాల పెట్టెకి పెట్టిన చేత్తోనే లాప్‌టాప్ మూతకి కూడా ఒక బొట్టు పెట్టేశారు.

“అయిపోయింది. ఇంక రేప్పొద్దున్నదాకా దీన్ని ముట్టుకోకండి.”

“నాన్నా, సాయంత్రం వదిన క్లాసుంది. పైగా ఇది బాగుచెయ్యాలి.”

“క్లాసు రేపెట్టుకోమను. పండగపూట పనిముట్టు ముట్టుకుంటారేటి?”

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. “అచ్ఛా! మరి నా గరిటేటి? అది పనిముట్టు కాదా? దానికీ ఓ బొట్టెట్టేయండి, ఇయాల అందరం గాలి తిని కూకుందాం.”

నాన్న వినబడనట్టు గిన్నె సర్దుకున్నారు. ఏళ్ల తరబడి వినబడకుండా సాధన చేసిన మనిషి ఆయన. అప్పుడు వదిన లేచి నిలబడింది. మా ఇంటికి వచ్చాక ఆయన ముందు ఆవిడ అంత సేపు మాట్లాడటం అదే మొదలు.

“మావయ్యా, ఇయాల షెడ్డులో సుత్తులు, పానాలు పనిచెయ్యవు కదా. మరి బళ్లు ఆగిపోతాయా?”

“బళ్లెందుకాగుతాయమ్మా? పండగని ఇంజన్ని ఆపితే ఊరుకుంటారేటి.”

“ఇంజనుకి బొట్టు పెట్టరా?”

“ఎందుకెట్టం? దండేసి, బొట్టెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ లైను మీదకి పంపుతాం.”

“అయితే చెప్పండి మావయ్యా. ఇది పనిముట్టా, ఇంజనా?”

ఇలాంటి సమయంలో కావ్యాల్లో అయితే ఆకాశం ఉరుముతుంది. మా ఇంట్లో కుక్కరు ఈల వేసింది. నాన్న లాప్‌టాప్ వైపు, బొట్టు వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూశారు. షెడ్డులో అంత సర్వీసున్న మనిషికి ఇంజన్నీ పానానూ ఒకే గాట కట్టడం ఎంత అవమానమో నాకు ఆ ముఖం చూస్తే తెలిసింది.

“ఇంజనే,” అన్నారు చివరికి. “నడుపుకోండి. కానీ విప్పడం, బాగుచెయ్యడం కూడదు. అది పనిముట్ల పని.”

తీర్పు సగమే దక్కింది. బాగుచేయకుండా గొంతు ఎక్కణ్నుంచి తేవడం? అప్పుడు నా జీవితంలో ఏనాడూ నాకు ఉపయోగపడని గుణం ఒకటి ఆదుకుంది, అది బద్ధకం. కొత్త కెర్నల్ వేశాక చోటు కోసం పాతదాన్ని తీసేయాలని అనుకుని, తీసేయకుండా పడుకున్నాను. లాప్‌టాప్ లేచేటప్పుడు రెండు పేర్లూ తెర మీద కనిపిస్తాయి, కింద ఉన్న అయిదుని ఎంచుకుంటే చాలు, విప్పేదీ లేదు బిగించేదీ లేదు. ఇది నాన్నకి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే, ఆరుకోసం అంత గొడవ చేసిన అన్నయ్యే సిగ్గులేకుండా ముందుకొచ్చి, “నాన్నా, ఇది రిపేరు కాదు, పాయింటు మార్చడం! ఆరో లైన్లోంచి అయిదో లైన్లోకి. పాయింటు మార్చకుండా బండెలాగ నడుస్తాది?” అన్నాడు.

పాయింటు మార్చడం మరమ్మతు కాదని నాన్న ఒప్పుకున్నారు. అయితే మీట నొక్కాల్సింది డ్రైవరే అన్నారు. వదిన మూత మీది బొట్టుని ఒకసారి తాకి కళ్లకద్దుకుని, తెర మీది పేర్లలో కిందికి ఒక మెట్టు దిగి, ఎంటర్ కొట్టింది. పాత కెర్నల్ తీరుబడిగా, దారిలో ప్రతి స్టేషనులోనూ ఆగే ప్యాసింజరులాగ లేచింది. నేను ఫోను చెవికి ఆనించుకుని పెరట్లో జామచెట్టు కిందకి పోయాను. ఒక గురగుర, తర్వాత స్పష్టంగా, నిండుగా, ‘అ’. ఇంత చిన్న అక్షరానికి నేనంత గట్టిగా అరిచిన సందర్భం అదివరకూ లేదు, ఆ తర్వాతా లేదు. గోడవతల పండగ మైకుసెట్టువాళ్లు కూడా ఆగి చూశారు.

సాయంత్రం క్లాసు జరిగింది. కోర్బానుంచి, రాయ్‌పూర్‌నుంచి పిల్లలు తెర మీద గళ్లలో కూర్చున్నారు. వదిన అ, ఆలతో మొదలుపెట్టకుండా ఒక్కొక్కరి పేరే రాసి, అందులోంచి అక్షరాలు విడదీసి చూపించింది. ఆవిడ గొంతు మా ఇంట్లో మేమెప్పుడూ విననంత నిబ్బరంగా ఉంది. ఒక పాప తన పేరు తనే రాసి చూపించేసరికి, వెనకాల బనీనుతో తచ్చాడుతున్న వాళ్ల నాన్న, బొగ్గు కంపెనీలో పెద్ద ఉద్యోగమట, తెరలోకి తల దూర్చి, మేడమ్, నాది కూడా రాసి చూపిస్తారా అని అడిగాడు. మరో గడిలోంచి ఇంకో నాన్న వచ్చాడు. క్లాసు అయ్యేసరికి పిల్లలకంటే తండ్రులే ఎక్కువమంది కనిపించారు. దీపాలు పెట్టే వేళకు ఫోనొచ్చింది, బ్యాచి వదినదే. పెద్దవాళ్లకి ఇంకో బ్యాచి పెట్టగలరా అని కూడా అడిగారు. షెడ్డునుంచి అప్పుడే వచ్చిన నాన్న, అక్కడ ఇచ్చిన ప్రసాదం బూందీనే కోడలి ఉద్యోగం మిఠాయిగా వరస పొడుగునా పంచిపెట్టి, మా ఇంజను లైను మీదకెళ్లిందని చెప్పుకొచ్చారు. బ్యూటీపార్లరు సలహాలిచ్చినవాళ్లు రెండేసి దోసిళ్లు పట్టారు.

ఆ పెద్దవాళ్ల బ్యాచిలో కెమెరాకి అందకుండా బల్ల పక్కన నేల మీద కూర్చుని నేను కూడా చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఇందులో ఎక్కడైనా దీర్ఘం తప్పితే ఆ నేరం వదినది కాదు, అక్కడినుంచి బోర్డు సరిగ్గా కనిపించేది కాదు.

ఇప్పుడు నాన్న రిటైరయ్యారు, క్వార్టరు అప్పగించేసి ఊళ్లోనే మంగ్లాలో ఫ్లాటుకి వచ్చేశాం. వదినకి ఊపిరి సలపనన్ని బ్యాచీలు, సొంత సంపాదనతో కొనుక్కున్న కొత్త లాప్‌టాప్. దానికి ఏ కెర్నల్ ఉందో ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు, అది ఎవరినీ అడగదు. ఒక యంత్రం గుండెలో ఏముండాలో ఇంటిల్లిపాదీ కంచాల ముందు కూర్చుని తప్పుగా తీర్మానించి, మళ్లీ అందరూ కలిసే దాన్ని దిద్దుకున్న రోజు మరొకటి రాదేమో. వస్తువులు తెలివిమీరిపోయాయి, మనకి పోట్లాడుకోవడానికి మిగిల్చింది టీవీ రిమోటొక్కటే.

వదిన దగ్గర చదువుకునే ఒక పాపకి ఇద్దామని నిన్న ఆ పాత లాప్‌టాప్ దులిపి, కుతూహలం కొద్దీ ఆరో నంబరు కెర్నల్‌తో లేపి చూశాను. మైకు పోలేదు. సౌండు సెట్టింగుల్లో, ఆరు మాత్రమే మైకుకి పెట్టుకున్న కొత్త పేరు పక్కన ‘మ్యూట్’ అని ఒక గడి ఉంది, అందులో టిక్కు ఉంది. టిక్కు తీసేస్తే పనిచేస్తుంది.