అత్తయ్యగారూ నేనూ, ఢిల్లీ తిళ్ళూ

మా మావగారు పోయిన కొద్ది నెలలకి అత్తయ్యగారు తుని నుంచి మా దగ్గరికి వచ్చేశారు. తొంభైల మొదట్లో మాట. మాది ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టరు. మా వారిది ఆడిట్ ఉద్యోగం. జైపూరనీ లక్నో అనీ ఎప్పుడూ టూర్ల మీదే ఉండేవారు. నేను ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుని. ఇంట్లో ఎక్కువ రోజులు మిగిలేది అత్తయ్యగారూ నేనూ.

మా మధ్య గొడవల్లేవు. అసలు మాటలే లేవు. పొద్దున్న "పప్పులోకి ఏం వెయ్యమంటారండీ?" అంటే "నీ ఇష్టం అమ్మాయ్" అనేవారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండాలో కుర్చీ వేసుక్కూచుని, కింద గోధుమలు ఎండబోసే పంజాబీ ఆడవాళ్ళని చూస్తూ ఉండేవారు. భాష రాదు, తెలిసిన మొహం లేదు. బయటి తిండి అసలే ముట్టరు. ఢిల్లీ దాకా రైలు ప్రయాణమంతా ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరతోనే గడిపారు. ఈవిడ ఈ ఊళ్ళో ఎలా ఇముడుతుందా అని నాకు బెంగగానే ఉండేది.

ఒక శనివారం ఇంగువా, చింతపండూ, ఇడ్లీరవ్వా కొనడానికి కరోల్‌బాగ్ బయల్దేరుతుంటే, "నేనూ వస్తాను" అన్నారు. సరుకులు కొని బస్టాపుకి నడుస్తుండగా వాన అందుకుంది. ఢిల్లీ వాన మన వానలా ముందు చెప్పి రాదు, మీద పడిపోతుంది. ఇద్దరం పరుగెత్తి ఓ చిన్న హోటలు చూరు కింద నిలబడ్డాం. మా పక్కనే ఒకాయన పెద్ద మూకుడులో భటూరాలు వేయిస్తున్నాడు. పిండి జారవిడిచిన క్షణంలో అది బుస్సుమని పొంగి, బంగారు రంగుకి తిరిగేది. అత్తయ్యగారు వాన సంగతి మర్చిపోయి అటే చూస్తున్నారు.

"అదేమిటమ్మాయ్, పూరీకి పెద్దక్కలా ఉంది?"

"భటూరా అండీ. మైదాతో చేస్తారు. శనగల కూరతో తింటారు."

"కోడిగుడ్డూ అదీ తగలదు కదా?"

"లేదండీ, ఇది పూర్తిగా శాకాహారం హోటలే."

మూకుడు వంక ఇంకోసారి చూసి, "అయితే చెప్పు" అన్నారు. ఏం చెప్పాలో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ అప్పటికే చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని లోపలికి అడుగు పెట్టేశారు.

గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన లేచి, "మాతాజీ, అందర్ ఫ్యామిలీ క్యాబిన్ హై" అని లోపలికి చెయ్యి చూపించాడు.

"ఏమంటున్నాడు?"

"ఆడవాళ్ళకి లోపల వేరే గది ఉందటండీ."

"వద్దని చెప్పు" అని, రోడ్డు కనపడే మొదటి బల్ల దగ్గర కూచున్నారు.

భటూరా తుంపగానే అందులోంచి ఆవిరి మొహాన కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడి, నవ్వారు. మావగారు పోయాక ఆవిడ నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. నల్లగా ఉడికిన శనగలు, నిమ్మకాయ పిండిన అల్లం ముక్కలు, పచ్చిమిరపకాయ. ఏదీ వదలకుండా తిన్నారు. చివర్లో, వాన వంక చూస్తూ చెప్పారు.

"పెళ్ళయిన కొత్తలో మీ మావగారు నన్ను ఒకసారి కాకినాడలో హోటలుకి తీసుకెళ్ళారు. ఆకుపచ్చ తెర కట్టిన గదిలో కూచోబెట్టారు. తెర పక్కనుంచి ఓ చెయ్యి వచ్చి పెసరట్టు పెట్టి వెళ్ళింది. అవతల పెనం చప్పుడు, నవ్వులు, గ్లాసుల చప్పుడు. నాకేమీ కనపడలేదు. ఎవరైనా చూస్తారేమోనని మీ మావగారు తొందరపెట్టేశారు. పెసరట్టు రుచి కూడా గుర్తులేదు."

"ఇంకోటి చెప్పనాండీ?" అన్నాను. "చెప్పు" అన్నారు.

అలా మొదలైంది. ప్రతి శనివారం పది గంటలకల్లా ఆవిడ తల దువ్వుకుని, జరీ లేని నేత చీర కట్టుకుని సిద్ధంగా ఉండేవారు. ఎక్కడికెళ్ళాలో నేను ఆఫీసులో ఆరా తీసేదాన్ని. చాందినీ చౌక్ సందుల్లో పరాఠాలు తిన్నాం. బెంగాలీ మార్కెట్లో గోల్‌గప్పాలు తింటుంటే పుదీనా నీళ్ళు ఆవిడ మోచేతిదాకా కారాయి. అయినా "భయ్యా, ఔర్ ఏక్" అన్నారు. అవి ఆవిడ మొదటి హిందీ మాటలు. చలికాలం పొద్దున్న పాత ఢిల్లీలో ఆకు దొన్నెల్లో అమ్మే పాలనురగ మిఠాయి తిని, "నోట్లో పెట్టాను, ఏదమ్మాయ్, లేదే!" అని దొన్నెలోకి తొంగి చూశారు. బస్సుల్లో కూచుని తిన్నదాని గురించి మాట్లాడుకునేవాళ్ళం. తిండి నుంచి మాటలు ఆవిడ చిన్నతనానికీ, నా ఆఫీసుకీ, మా వారి అల్లరికీ పాకేవి. ఇంటికి చేరేసరికి గొంతులు బొంగురుపోయేవి.

ఓ శనివారం మా వారు టూరు నుంచి అనుకున్నదానికంటే ముందు వచ్చేశారు. మేం కచోరీల పొట్లంతో మెట్లెక్కేసరికి ఎదురింటి ఆంటీ వాళ్ళింట్లో సూట్‌కేసు పక్కన పెట్టుకుని కూచున్నారు. మేం ప్రతి శనివారం ఊరు తిరుగుతామని ఆంటీ అప్పటికే ఆయనకి చెప్పేసింది. ఇంట్లోకి వచ్చి తలుపు వేయగానే ఆయన నా మీద విరుచుకుపడ్డారు.

"నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. అమ్మని రోడ్ల మీద తిప్పుతున్నావా? నలుగురూ ఏమనుకుంటారు?"

నేను నోరు విప్పేలోపు అత్తయ్యగారు చెప్పులు విడుస్తూనే అన్నారు.

"అది నన్ను తిప్పడం లేదురా. నేనే దాన్ని తిప్పుతున్నాను."

"అది కాదమ్మా..."

"మీ నాన్న పోయారని నాకు దుఃఖం లేదనుకున్నావా? రాత్రిళ్ళు నేను ఏడవడం దీనికి తెలుసు. ఆ ఏడుపు ఏడుపే. కానీ పొద్దున్న లేస్తే నాకు ఆకలేస్తోందిరా. ఈ వయసులో కొత్తగా ఆకలేస్తోంది."

మా వారు తల దించుకున్నారు. ఆవిడ పళ్ళెంలో కచోరీలు పెట్టి ముందుంచితే ముట్టుకోలేదు. ఇంట్లో కొన్నాళ్ళు బిగుసుకుపోయినట్టుండేది. అయినా మా శనివారాలు ఆగలేదు. ఒకరోజు ఆయన షూ లేసులు కట్టుకుంటూ, ఎవరితోనో అన్నట్టుగా, "పహాడ్‌గంజ్ స్టేషను దగ్గర రాజ్మా చావల్ బాగుంటుందిట, మా సెక్షన్లో అంటున్నారు" అన్నారు. అత్తయ్యగారు నా వంక చూసి, "అయితే రేపు ముగ్గురం వెళ్దాం" అన్నారు.

తరవాతి ఏడాది ఆయనకి ప్రమోషన్ వచ్చింది. అత్తయ్యగారు కన్నాట్ ప్లేసులో తెల్ల గుడ్డలు పరిచిన రెస్టారెంటు ఒకటి అడిగారు. బస్సులోంచి చూసి ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారట. వెళ్ళి రోడ్డు కనపడే అద్దం పక్కన కూచున్నాం. కాసేపటికి మా వారి మొహం పాలిపోయింది. పక్క బల్ల దగ్గరే ఆయన పై ఆఫీసరు, బెంగాలీ ఆయన, భార్యతో సహా. "లోపలి వైపు మారదామా?" అని గొణిగారు. ఆ మాట పూర్తయ్యేలోపే అత్తయ్యగారు అటు తిరిగి, ఆఫీసరు భార్యకి నమస్కారం పెట్టి, ఇక్కడ ఏం బాగుంటుందని తన హిందీలో అడిగారు.

"బహన్‌జీ, ఇధర్ క్యా అచ్ఛా హై?"

ఆ బెంగాలీ ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వి, వాళ్ళ బల్ల మీద అప్పుడే పెట్టిన, చీజ్ కప్పిన కూరల పళ్ళేన్ని ఇటు జరిపింది. "మాంసం లేదు, ముందు మీరు తీసుకోండి" అని హిందీలో చెప్పింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలోంచి వడ్డించుకుని, సగం హిందీ, సగం చేతి సైగలతో ఆవపెట్టిన కూరల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆఫీసరుగారూ, మా వారూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఏం చెయ్యాలో తెలియక నవ్వుకున్నారు. బయటికి వచ్చాక మా వారు, "అమ్మ ఇలా ఉంటుందని నాకు తెలీదు" అన్నారు. "నాకూ తెలీదు" అన్నాను.

దశాబ్దం చివర్లో మాకు భువనేశ్వర్ బదిలీ అయింది. అక్కడా తిరిగాం, తిన్నాం. కానీ ఆవిడ ప్రతిదాన్నీ ఢిల్లీతో పోల్చి పెదవి విరిచేవారు. ఆ ఊళ్ళోనే, కొన్నేళ్ళకి, నిద్రలో వెళ్ళిపోయారు.

ఈమధ్య ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్ళి, సాయంత్రం ఖాళీ దొరికితే కన్నాట్ ప్లేసుకి నడిచాను. ఆ రెస్టారెంటు లేదు. అక్కడ బూట్ల షాపు పెట్టారు. కాస్త ముందుకెళ్ళి ఓ కొత్త కేఫ్‌లో కూచున్నాను. కాఫీ బాగుంది. చుట్టూ కుర్రవాళ్ళు, లాప్‌టాప్‌లు. తెలుగు కూడా వినపడింది. నా కేకు ముక్క సగం తిని, ఎలా ఉందో ఎవరికైనా చెబుదామని తల ఎత్తాను. ఎదుటి కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగు ఉంది. మిగతా సగం నెమ్మదిగా తిన్నాను.