నాలుగో చెరకు ముక్క

బోధన్ కాలేజీ మేడం గుర్తొస్తే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

నిజామాబాద్‌లో ఎకనామిక్స్ లెక్చరర్లకు శిక్షణ. ఎంత ఇష్టమైనదైనా తింటున్నకొద్దీ తృప్తి తగ్గుతుందని చెప్పే క్షీణోపాంత ప్రయోజన సూత్రం మీద నేను నలభై స్లైడ్లు చూపించాను. అందరూ ఆవలించారు. తర్వాత ఆమె లేచింది. చేతిలో చెరకు ముక్కల సంచీ, అంతే. ఒక్కొక్కరి ముందూ ఆగి, తల కాస్త పక్కకు వంచి, "ఇంకోటి తినుండ్రి సార్" అనేది. నాలుగో ముక్కకు నేను చేతులెత్తేశాను.

"ఇగ వద్దు మేడం."

"గదే సార్, మీ నలభై స్లైడ్లు!"

హాలంతా చప్పట్లు. కొట్టకపోతే బాగుండదని నేనూ కొట్టాను.

సోమవారం, నేను టౌను నుంచి రోజూ వెళ్లే కోటగిరి కాలేజీకి నేనూ చెరకు ముక్కలు పట్టుకుపోయాను. పిల్లలు ఒక్కరూ ముట్టలేదు.

"తోటల రోజూ గదే నములుతం సార్."

ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేశాను. పగలబడి నవ్వింది.

"అయ్యో, చెరుకు మీ టౌనోళ్లకు సార్. మా పిల్లలకైతే పానీపూరీ పెడ్త."

ఫోన్ పెట్టేసి, మిగిలిన ముక్కల్లో ఒకటి నమిలాను. తియ్యగానే ఉంది. అందుకే ఇంకా మండింది.