బియ్యం డబ్బాలో కెమెరా

మా ఇంట్లో కెమెరా బియ్యం డబ్బాలో ఉంటుంది. అండమాన్ చెమ్మకి లెన్సు బూజు పట్టకుండా ఉండాలంటే మాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. బతు బస్తీలో నాది జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోల కొట్టు. సాయంత్రం కొట్టు మూసి ప్రోతరాపూర్ ఇంటికి రాగానే లెన్సు విడదీసి, రెంటినీ పాత పంచె గుడ్డలో చుట్టి బియ్యంలోకి దించేస్తాను. మా ఆవిడ అత్తెసరు పెట్టేటప్పుడల్లా నన్నూ కెమెరానూ కలిపి తిడుతుంది.

ఆ కెమెరాతో ఆకాశాన్ని తియ్యాలన్న పిచ్చి మా నాన్న వల్ల పట్టింది. ఆయన జీవితమంతా దీవుల మధ్య తిరిగే పడవలో కలాసీగా పనిచేశాడు. మానేశాక కూడా చీకటి పడితే చాలు, గుమ్మం ముందు కూర్చుని పిల్లలకోడిని వెతికేవాడు. గుప్పెడు చుక్కలు ఒకచోట ముడుచుకుని ఉంటాయి, మా వాళ్ళకి అవి తల్లికోడీ పిల్లలూ. ఆ పిల్లల్ని లెక్కపెడితేగాని ఆయనకి అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఆయన కళ్ళకి నీటికాసుల జబ్బు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని డాక్టరు తేల్చేశాడు.

"ఒరే, కోడి ఎగిరిపోనాదిరా," అన్నాడు నాన్న ఒకరోజు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తెరమీద పెద్దది చేసి చూపిస్తే కనబడుతుందేమోనని ఆశ. వేసవి వస్తే ఆ చుక్కలు పడమట దిగిపోతాయి, ఆపైన వానలు, మళ్ళీ చలికాలానికి ఆయన కళ్ళలో ఏం మిగులుతుందో తెలియదు. ఊరందరి మొహాలూ తీసేవాడికి చుక్కలొక లెక్కా అనుకుని డాబా ఎక్కాను. ఫోటోలో చుక్కలకన్నా గరుకే ఎక్కువగా ఉంది, రంగురంగుల ఇసక చల్లినట్టు.

హిందీలో వీడియోలు చేసే ఒక భయ్యా దారి చూపించాడు. అదే ఆకాశాన్ని పదేపదే తీసి ఫోటోలన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చాలి. నిజంగా ఉన్నది నిలుస్తుంది, గరుకు చెదిరిపోతుంది. దాన్నే స్టాకింగ్ అంటారు. పేర్చే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందన్నాడు, చాలా తేలికట.

మబ్బుల సందుల్లో దోమల చేత కుట్టించుకుంటూ తీసినవన్నీ దానికి అప్పగించాను. అది చాలాసేపు గింజుకుని, వీటిలో ఒక్కటే పనికొస్తుందని చెప్పింది. ఒక్కదాన్ని దేనిమీద పేర్చాలి? కనబడిన మీటలన్నీ నొక్కాను. ఎలాగో పేర్చింది, తీరా చూస్తే తెర నిండా నల్లటి నలుపు. వెలుగు పెంచితే చుక్కలొచ్చాయిగాని అంచులన్నీ మసి. లెన్సుకి తెల్లగుడ్డ కట్టి తీసిన ఫోటోలు కూడా కలిపితే ఆ మసి పోతుందన్నాడు భయ్యా. మర్నాడు పొద్దున్నే బియ్యంలోంచి కెమెరా తీసి, తెల్ల బనీను కట్టి, ఫోటోలు తీసి కలిపాను. మసి పోయింది. దాని బదులు చుక్కల పక్కన తెల్లగా, సాసరంత గుండ్రటి మచ్చ వచ్చి కూర్చుంది.

లెన్సు విప్పకముందే ఆ తెల్లగుడ్డ ఫోటోలు తియ్యాలని భయ్యా వీడియో చివర్లో చెప్పాడు. నేను చివరిదాకా చూస్తేగా! చుక్కలు తీశాక మళ్ళీ లెన్సు విప్పి బియ్యంలో పెట్టిన కెమెరా లోపలికి తవుడు దుమ్ము చేరింది. తెల్లగుడ్డ ఫోటోల్లో పడిన ఆ దుమ్ము నీడని కూడా మసే అనుకుని సాఫ్ట్‌వేర్ అక్కడ వెలుగు పోసింది, అదే ఆ మచ్చ.

"బియ్యంలో పెట్టకండని ఎన్నిసార్లు చెప్పాను? వింటేనా, సున్తే హీ నహీ!" అంది మా ఆవిడ.

మళ్ళీ తీద్దామంటే మబ్బు విడవలేదు. విడిచేసరికి కోడి పడమట దిగిపోయింది. ఏడుపొక్కటే తక్కువ నాకు. చేసేదిలేక ఆ మచ్చ బొమ్మనే లాప్‌టాప్‌లో నాన్న ముందు పెట్టాను. ఆయన తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగాడు.

"అరె, మిల్ గయా! కోడి అగుపడతందిరా!" అన్నాడు. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. నేను గాల్లో తేలిపోయాను.

కానీ చేసే పని ఊరుకోనివ్వదు కదా. మొహాలమీద మొటిమలు తుడిచే చెయ్యి నాది. మర్నాడు కొట్లో కూర్చుని పక్కనున్న నలుపు తెచ్చి అద్ది అద్ది ఆ మచ్చని ఆనవాలు లేకుండా చేశాను. ఇన్నాళ్ళ కుస్తీలో నాకు చక్కగా కుదిరిన పని అదొక్కటే. సాయంత్రం గర్వంగా తెచ్చి చూపించాను.

నాన్న వంగి చూశాడు. తల అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు.

"కోడేదిరా? నిన్న ఉన్నాది కదా."

ఆయన వేలు పట్టుకుని చుక్కలమీద పెట్టాను. "ఇదిగో నాన్నా, ఇక్కడ."

"అక్కడేటీ నేదు."

అప్పుడు అర్థమైంది. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడకీ అర్థమైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పాత బొమ్మ తెరిచాను.

"ఆఁ, అదిగో," అని నాన్న ఆ తెల్లమచ్చ చుట్టూ మెల్లగా వేలు తిప్పాడు. "పిల్లలు మాత్రం ఒక్కటీ అగుపడవురా. రెక్కల కింద ఏసీసుకున్నాది కాబోలు," అన్నాడు.

"అవును నాన్నా," అన్నాను.

"అప్పుడే ఆపీకురా. ఉండనీ," అన్నాడు.

ఉండనిచ్చాను.